నలభై పుల్లల లెక్క

నా సైకిల్ వెనక చక్రంలో మొదటి పుల్ల (స్పోక్) విరిగిన రోజున దాని చప్పుడు విని, టైరు కింద ఏదో రాయి చిట్లిందనుకున్నాను. మరో ఇరవై గజాలు పోయేసరికి చక్రం ఒక పక్కకు ఒరిగి ఫ్రేముకు రాసుకోవడం మొదలుపెట్టింది. గండిపేట అవతలి మట్టిదారిలో, పొద్దున్న ఆరున్నరకు, 118 కిలోల మనిషినైన నేను, కొని నెలైనా నిండని సైకిల్‌ను నడిపించుకుంటూ నాలుగు కిలోమీటర్లు నడిచాను. దారిలో ఎదురైన ఇద్దరు ముగ్గురు ముందు సైకిల్‌ను చూసి, తరువాత నన్ను చూసి, కారణం తమకు అర్థమైపోయినట్టు తల పంకించారు. నిజానికి నేనూ అదే కారణం అనుకున్నాను.

ఆ అపోహను పోగొట్టినవాడు మా పేట చివర చిన్న రేకుల కొట్టులో సైకిళ్లు బాగుచేసే ఒక పెద్దాయన. అందరూ ఆయనను చాచా అంటారు. ఆయన చక్రాన్ని ఊడదీసి, విరిగిన పుల్లను పక్కన పెట్టి, మిగిలినవాటిని రెండేసి చొప్పున వేళ్లతో నొక్కి చూశాడు. "నీ బరువుకు ఇరగలే బేటా. పుల్లలు లూజున్నయి. లూజున్న పుల్లనే ఇరుగుతది, టైటున్నది ఇరగదు" అన్నాడు. అంతవరకు నా ఒంటికి సంబంధించిన సిగ్గుగా ఉన్న విషయం, ఆ మాటతో ఒక్కసారిగా పనివాడి చేతికి సంబంధించిన విషయంగా మారింది. లావుగా ఉన్నవాళ్లు మొదటి మౌంటెన్ సైకిల్ కొనేటప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలన్నది నేను అక్కడి నుంచే నేర్చుకున్నాను. నా వాదన చిన్నదే. డబ్బు షాకబ్జార్బర్ల మీద కాదు, వెనక చక్రం మీద పెట్టాలి. రేపు తగ్గబోయే బరువుకు కాకుండా, ఇవాళ ఉన్న బరువుకు సరిపోయే సైకిల్‌నే కొనాలి.

నేను చేసింది దీనికి సరిగ్గా తిరుగు. కొట్టులోకి అడుగు పెట్టగానే అక్కడి కుర్రవాడు నా పొట్ట వైపు ఒకసారి చూసి, "మీకు గట్టిది కావాలి సార్" అని, ముందొకటి, నడుమ ఒకటి షాకబ్జార్బర్లు ఉన్న సైకిల్ తెచ్చి నిలబెట్టాడు. మోటారు సైకిల్ లాగా మందమైన గొట్టాలు, ఎర్రటి స్ప్రింగు, చూడగానే బలంగా కనిపించే ఆకారం. ధర 14 వేలు. ఇంటికి ఫోన్ చేసి మౌంటెన్ బైకు కొన్నానంటే, తెలుగులో బైకంటే మోటారు బండి కాబట్టి, "ఈ వయసులో నీకు కొండలెక్కే బండి ఎందుకురా" అని మా అమ్మ కంగారుపడింది. ఆ రోజు ఎవరైనా నన్ను ఆపి, "ఆ స్ప్రింగులు సరే, వెనక హబ్బు ఏ రకం?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది. హబ్బంటే చక్రం నడుమ ఇరుసు చుట్టూ తిరిగే భాగం.

మా చిన్నతనంలో, ఖమ్మం జిల్లాలోని మా ఊళ్లో, ప్రతి ఇంటి వసారాలోనూ ఒక నల్ల సైకిల్ ఉండేది. దాని వెనక క్యారియరు మీద వడ్ల బస్తా వేసి, ముందు గొట్టం మీద పిల్లవాణ్ని కూర్చోబెట్టుకుని మనుషులు పొరుగూరి మిల్లుకు పోయేవారు. గ్యాస్ సిలిండర్లు మోసే సైకిళ్లను పట్టణాల్లో ఇప్పటికీ చూడవచ్చు. ఇంటి సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలైతే, ఖాళీ సిలిండర్ బరువూ కలిపి నిండుది దాదాపు 30 కిలోలు తూగుతుంది. అలాంటివి నాలుగు తగిలిస్తే 120 కిలోలు. అంటే నాకంటే బరువు. ఆ సైకిల్ కింద ఏ స్ప్రింగూ ఉండదు. ఉన్నదల్లా పుల్లల లెక్క. ఆ పాత నల్ల సైకిళ్లలో ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. బరువులో సగానికి పైగా వెనక చక్రం మీదే పడుతుందన్న సంగతి ఎరిగినవాళ్లు వేసిన లెక్క అది. ఇవాళ్టి గేర్ల సైకిళ్లలో రెండు చక్రాలకూ ఒకే సంఖ్య కనిపిస్తుంది. సాధారణంగా 32, మంచివైతే 36, కొన్నింటిలో 28 మాత్రమే. సగటు మనిషికి అది చాలు. నాలాంటివాడికి ఆ పాత లెక్క మళ్లీ కావాలి.

పుల్ల ఎందుకు విరుగుతుందో చాచా చెప్పిన తరువాత నేను కాస్త చదివి, కాస్త చూసి తెలుసుకున్నది ఇది. చక్రంలో ప్రతి పుల్లనూ ముందే బిగించి ఉంచుతారు. మనం సీటు మీద కూర్చోగానే, ఆ క్షణానికి నేలకు దగ్గరగా ఉన్న నాలుగైదు పుల్లల బిగువు తగ్గుతుంది. చక్రం తిరిగి అవి పైకి పోగానే మళ్లీ బిగుసుకుంటాయి. 29 అంగుళాల చక్రం చుట్టుకొలత దాదాపు 2.3 మీటర్లు కాబట్టి, కిలోమీటరు పోతే ప్రతి పుల్లా 435 సార్లు సడలి బిగుస్తుంది. 20 కిలోమీటర్ల సవారీలో ఆ సంఖ్య 8,700 దాకా పోతుంది. ఇనప తీగను కత్తెర లేకుండా విరవాలంటే మనం అటూ ఇటూ వంచుతూ పోతామే, పుల్లకు జరిగేదీ అదే. ముందే తగినంత బిగువుగా ఉన్న పుల్ల, బరువు పడినా పూర్తిగా సడలదు. కాబట్టి హబ్బు దగ్గర దాని మెడ కదలదు. మొదటే వదులుగా ఉన్న పుల్ల మాత్రం ప్రతి తిరుగుడుకూ పూర్తిగా జారి, మళ్లీ గుంజుకుని, ఒకనాడు సరిగ్గా ఆ మెడ దగ్గరే తెగుతుంది. యంత్రం మీద గబగబా అల్లిన చవక చక్రాల్లో ఈ బిగువు పుల్లకూ పుల్లకూ ఒకేలా ఉండదు. 65 కిలోల కుర్రవాడి కింద ఆ లోపం ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. నా కింద నెలలోపే బయటపడింది.

గేర్లు వచ్చి వెనక చక్రానికి మరో చిక్కు తెచ్చాయి. కుడి పక్కన ఏడెనిమిది పళ్లచక్రాలకు చోటివ్వడం కోసం ఆ పక్క పుల్లలను దాదాపు నిటారుగా, బాగా బిగించి వేయాలి. దానితో ఎడమ పక్క పుల్లలు ఏటవాలుగా, తక్కువ బిగువుతో మిగిలిపోతాయి. ఒకే పళ్లచక్రం ఉన్న నల్ల సైకిల్‌కు ఈ బాధ అంతగా లేదు. నాకు వరసగా విరిగిన మూడు పుల్లల్లో రెండు ఎడమవైపువే.

నాలుగో నెలలో ఇరుసు వంగింది. ఇది పుల్లల కంటే ముఖ్యమైన సంగతి, కానీ సైకిల్ అమ్మేవాళ్లలో దీని గురించి మాట్లాడేవాళ్లను నేను చాలా తక్కువ మందిని చూశాను. చవక గేర్ల సైకిళ్లలో పళ్లచక్రాల గుత్తిని మరబిగించినట్టు హబ్బు మీదికి తిప్పుతారు. దాన్ని ఫ్రీవీలు అంటారు. ఆ నిర్మాణంలో ఇరుసును కుడివైపు మోసే గోళీలు (బేరింగులు) ఆ గుత్తికి లోపలి పక్కన, హబ్బు మధ్యకు దగ్గరగా ఉండిపోతాయి. అక్కడి నుంచి ఫ్రేము దాకా ఉన్న ఇరుసు ముక్కకు ఏ ఆధారమూ ఉండదు. గేర్ల సంఖ్య పెరిగేకొద్దీ ఆ నిరాధారమైన ముక్క పొడవూ పెరుగుతుంది. బరువైన మనిషి గుంతలో పడ్డప్పుడల్లా దెబ్బ అక్కడే తగులుతుంది. 1970ల చివర్లో సైకిల్ భాగాలు తయారుచేసే షిమానో సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఫ్రీహబ్బులో ఈ గోళీలను గుత్తి బయటి చివరకు జరిపారు కాబట్టి ఇరుసుకు రెండు కొసల్లోనూ దన్ను దొరికింది. దాని మీద ఎక్కించే పళ్లచక్రాల గుత్తినే క్యాసెట్ అంటారు. కొట్టులో అడగవలసిన ప్రశ్న ఇదొక్కటే: "ఇది ఫ్రీవీలా, క్యాసెట్టా?" అడిగినవాడికి జవాబు తెలియకపోతే వెనక పళ్లచక్రాలు లెక్కపెట్టవచ్చు. ఏడుంటే చాలా వరకు ఫ్రీవీలే, తొమ్మిదో అంతకు మించో ఉంటే దాదాపు నిశ్చింత. ఎనిమిది ఉంటే మాత్రం రెండూ సాధ్యమే కాబట్టి ఊడదీసి చూపించమనాలి. 90 కిలోలు దాటినవాళ్లు ఫ్రేము రంగు చూడడానికి ముందే ఈ ప్రశ్న వేయాలని నా గట్టి అభిప్రాయం.

ఇక షాకబ్జార్బర్ల సంగతి. తక్కువ ధర సైకిళ్లలో ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులో ఉండేది ఉక్కు స్ప్రింగు. దాన్ని తయారీదారు ఒక సగటు బరువును ఊహించి వేస్తాడు. ఆ సగటులో నేను లేను. నేను కూర్చుని హ్యాండిల్ పట్టుకోగానే నా ఫోర్కు సగం దాకా కుంగిపోయేది. గుంత వచ్చేసరికి మిగిలిన సగమూ అయిపోయి, ఇనుము ఇనుమును కొట్టిన చప్పుడు మణికట్ల దాకా వచ్చేది. ఫోర్కు తల మీద ఉన్న మరను తిప్పితే గట్టిపడుతుందని కొట్టువాడు చెప్పాడు. ఆ మర స్ప్రింగును ముందుగానే కొంత నొక్కి ఉంచుతుందే తప్ప స్ప్రింగు స్వభావాన్ని మార్చదు. బియ్యపు బస్తాకు పనికిరాని కాటాకు ముల్లు సరిచేసినంత మాత్రాన అది బస్తాను తూచదు కదా. గాలితో పనిచేసే ఫోర్కులు వేరు. వాటిలో మన బరువును బట్టి ప్రత్యేకమైన చిన్న పంపుతో గాలి నింపుకుని, ఎక్కి కూర్చున్నప్పుడు ఫోర్కు మొత్తం నిడివిలో ఐదో వంతు దాకా మాత్రమే కుంగేలా సరిచూసుకోవచ్చు. అవి నిజంగా బాగుంటాయి. కానీ వాటి ధర మొదటి సైకిల్ కొనేవాడు అనుకున్న మొత్తాన్ని చాలాసార్లు దాటిపోతుంది. చవకలో గాలి ఫోర్కు దొరకనప్పుడు చవక స్ప్రింగు ఫోర్కు కంటే అసలు ఏ స్ప్రింగూ లేని ఫోర్కు మేలు. ఒక సాధారణ స్ప్రింగు ఫోర్కు రెండున్నర కిలోల దాకా తూగుతుంది. ఆ బరువును మోయడమే తప్ప దాని వల్ల నాకు వచ్చిన మేలు లేదు. ఇక నడుమ స్ప్రింగు సంగతి చెప్పనక్కర్లేదు. తొక్కిన ప్రతిసారీ ఊయల లాగా కిందికీ పైకీ ఊగుతూ, కాళ్ల సత్తువలో తన వాటా తను తీసుకునేది.

స్ప్రింగులు లేకుండా కొండ దారుల్లో తొక్కడం ఎలా అని అడిగేవారికి ఒక పాత సంగతి చెప్పాలి. మౌంటెన్ సైకిల్ పుట్టింది కాలిఫోర్నియాలోని మరీన్ కౌంటీలో, టమల్‌పాయిస్ కొండ చుట్టుపక్కల. అక్కడి కుర్రవాళ్లు 1970లలో తొక్కినవి 1930లు, 40ల నాటి బరువైన, లావు టైర్ల ష్విన్ కంపెనీ సైకిళ్లు. 1976 అక్టోబరు 21న వాళ్లు రెండు మైళ్ల పైచిలుకు దూరంలో 1,300 అడుగులు దిగే ఒక మట్టిదారిలో పందెం పెట్టుకున్నారు. వాళ్లలో ఒకడైన జో బ్రీజ్ ఆ తరువాతి రెండేళ్లలో ఈ పనికోసమే ఫ్రేములు చేశాడు. అదే గుంపులోని గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ 1979లో ఇలాంటి సైకిళ్ల అంగడి పెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ పేరుతో ఇలాంటి సైకిల్‌ను పెద్ద ఎత్తున అమ్మకానికి తెచ్చింది. రాక్‌షాక్స్ కంపెనీ షాకబ్జార్బర్ ఫోర్కు వచ్చింది ఆ దశాబ్దం ముగిసే వేళకు. అంటే మౌంటెన్ సైకిల్ తన తొలి పన్నెండు పదమూడేళ్లూ లావు టైరును నమ్ముకుని బతికింది. అనంతగిరి అడవిలోని నా ఆదివారపు దారికి అది ధారాళంగా సరిపోతుంది.

లావు టైరు అనగానే నాలుగు అంగుళాల ఫ్యాట్ సైకిల్ గుర్తుకొస్తుంది. లావు మనిషికి లావు టైరు సైకిల్ అన్న తర్కం వినడానికి ముచ్చటగా ఉంటుంది, అమ్మేవాళ్లకూ సులువుగా ఉంటుంది. ఆ టైర్లు మంచు మీద, ఇసుక మీద అతి తక్కువ గాలితో తొక్కడానికి పుట్టినవి. తారు రోడ్డు మీద వాటిని మెత్తగా ఉంచితే నేలను పట్టుకుని లాగుతాయి, గట్టిగా కొడితే బంతిలా ఎగురుతాయి. పైగా చవకవాటిలో గేర్లు కూడా సరిగా ఉండవు. నా మటుకు 2.25 అంగుళాల టైరే తగినది. బ్యాటరీ సైకిల్ గురించి కూడా చాలామంది అడుగుతారు. ఎత్తు ఎక్కేటప్పుడు అది సాయమే, కాదనను. అయితే తక్కువ ధరలో మోటారు వెనక హబ్బులోనే ఉంటుంది. అంటే ఇప్పటికే కష్టంలో ఉన్న చక్రం మీదే మరికొంత బరువు వేస్తున్నామన్నమాట.

బ్రేకుల విషయంలో మాత్రం నేను ఖర్చుకు వెనకాడమని చెప్పను. ఇక్కడ లెక్క సూటిగా ఉంటుంది. నేను, నా ఇప్పటి సైకిల్ కలిసి 127 కిలోలు. 200 మీటర్ల ఎత్తు నుంచి వేగం పెరగకుండా దిగాలంటే దాదాపు 250 కిలోజౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. గాలికి, టైర్లకు పోయేది పోగా మిగిలినదంతా బ్రేకుల మీదే. ఆ శక్తి మొత్తంతో మామూలు నీళ్లు 800 మిల్లీలీటర్ల దాకా మరిగించవచ్చు. 70 కిలోల మనిషి అదే సైకిల్ మీద అదే కొండ దిగితే మరిగేది 530 మిల్లీలీటర్లే. ఇందాక చెప్పిన మరీన్ దారికి రీప్యాక్, అంటే మళ్లీ కూరడం, అన్న పేరు వచ్చింది కూడా ఈ వేడి వల్లనే. ఆ పాత సైకిళ్లకు పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు వెనక హబ్బులో ఉండేది. కిందికి చేరేసరికి హబ్బులోని గ్రీజు పొగలుకక్కి మాడిపోయేది, మళ్లీ దిగాలంటే కొత్త గ్రీజు కూరాల్సి వచ్చేది. ఈ కాలపు డిస్కు బ్రేకుల్లో సాధారణంగా ఉండేది 160 మిల్లీమీటర్ల పళ్లెం. బరువైనవాళ్లు కనీసం ముందు చక్రానికైనా 180 వేయించుకోవడం మంచిది. ముందుగా ఫోర్కు దానికి ఒప్పుకుంటుందో లేదో చూసుకోవాలి. తీగతో లాగే డిస్కు కంటే నూనెతో పనిచేసేది వేళ్లకు తేలిక. పొడవైన దిగుడులో వేళ్లు తిమ్మిరెక్కడం ఎంత ప్రమాదమో ఒకసారి అనుభవించినవాళ్లకు ఆ తేడా విలువ తెలుస్తుంది.

గేర్ల గురించి రెండు మాటలు చాలు. ఐదు శాతం ఏటవాలు మీద గంటకు 8 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి, రాపిడి సంగతి పక్కన పెట్టినా, నా కాళ్లు 138 వాట్లు ఇవ్వాలి. 70 కిలోల మనిషికి 93 చాలు. ఆ తేడాను మోకాళ్లతో పూడ్చకూడదంటే మెల్లగా పోనిచ్చే గేరు ఉండాలి. ముందు 28 పళ్లు, వెనక 28 పళ్లు ఉంటే నిమిషానికి 60 సార్లు తొక్కినప్పుడు వేగం గంటకు 8.3 కిలోమీటర్లు. ముందు 22, వెనక 34 ఉంటే అదే తొక్కుడుకు 5.4 కిలోమీటర్లు. రెండో సైకిల్ మీద కొండెక్కుతూ నేను పక్కన నడిచేవాళ్లతో మాట్లాడగలను. మొదటిదాని మీద మాట్లాడడానికి ఊపిరి ఉండేది కాదు.

కొట్టులో ఎవరూ చెప్పని మరొక అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ప్రతి పేరున్న సైకిల్‌కూ గరిష్ఠ బరువు రాసి ఉంటుంది. చాలామంది దాన్ని మనిషి బరువు అనుకుంటారు. అది చాలా కంపెనీలకు మనిషి, సైకిల్, వీపు సంచి, నీళ్ల సీసా అన్నీ కలిపిన బరువు. ఉదాహరణకు ట్రెక్ కంపెనీ తన సాధారణ మౌంటెన్ సైకిళ్లకు చెప్పే 136 కిలోలు అలాంటిదే. నేను ఆ గీతకు ఇవతలే ఉన్నాను, కానీ పండగ రోజు సంచిలో బొబ్బట్ల డబ్బా వేసుకునే ముందు ఆలోచించుకోవలసినంత దగ్గరగా ఉన్నాను. అల్యూమినియం ఫ్రేము నన్ను మోయలేదేమోనని మొదట్లో భయపడ్డాను. ఇన్నాళ్లలో చక్రాలు, ఇరుసులు, సీటు కింది గొట్టాలు నన్ను ఇబ్బంది పెట్టాయి కానీ ఫ్రేము ఎన్నడూ పెట్టలేదు. లావుగా ఉన్నాం కదా అని పెద్ద సైజు ఫ్రేము తీసుకోవడం మాత్రం పొరపాటు. ఫ్రేము సైజును నిర్ణయించేది ఎత్తే, నడుము కొలత కాదు.

చివరకు నేను కొన్నది ముందు మాత్రమే స్ప్రింగు ఉన్న, వెనక తొమ్మిది పళ్లచక్రాల క్యాసెట్ ఉన్న ఒక అల్యూమినియం సైకిల్. 32 వేలు అయింది. వారం తిరగకుండానే దాన్ని చాచా దగ్గరికి తీసుకుపోయాను. ఆయన 36 రంధ్రాల హబ్బు, రెండు పొరల గోడ ఉన్న రిమ్ము తెప్పించి వెనక చక్రాన్ని కొత్తగా అల్లాడు. అల్లిన తరువాత పక్కపక్కనున్న పుల్లలను జంటలుగా గుప్పిట పట్టి బలంగా పిసికాడు. టకటకమని శబ్దాలు వచ్చాయి. మళ్లీ బెండు తీశాడు, మళ్లీ పిసికాడు. శబ్దాలు ఆగేదాకా అలా మూడు సార్లు చేశాడు. సామానుతో కలిపి 5,500 తీసుకున్నాడు. ఆరు నెలల తరువాత స్ప్రింగు ఫోర్కు తీసేసి గట్టి ఉక్కు ఫోర్కు వేయించుకున్నాను. దాని పొడవు పాతదానికి సరిపోయేలా చూసుకోవాలి, లేకపోతే హ్యాండిల్ కిందికి దిగిపోయి సైకిల్ నడక మారిపోతుంది. మూడేళ్లయింది. ఆ వెనక చక్రంలో ఇంతవరకు ఒక్క పుల్లా విరగలేదు.

చక్రం ఎంత బాగున్నా సీటు మీద బస్తాలాగా కూర్చుని గుంతల్లోకి తోలితే ఉపయోగం ఉండదు. గతుకు కనిపించగానే రెండు పెడళ్లనూ నేలకు సమాంతరంగా ఉంచి, మోకాళ్లు, మోచేతులు కాస్త వంచి, సీటు మీద నుంచి నాలుగు వేళ్లంత పైకి లేవాలి. అప్పుడు నా 112 కిలోలు వెనక ఇరుసు మీద గుద్దకుండా కాళ్ల మీదుగా సైకిల్ నడుమకు చేరుతుంది, సైకిల్ నా కింద తన దారిన తాను ఎగిరి దిగుతుంది. నా మోకాళ్లే నా షాకబ్జార్బర్లు. మా కాలనీలో వీధికి మూడు చొప్పున ఉన్న స్పీడ్ బ్రేకర్లు ఈ సాధనకు ఎంతో పనికొచ్చాయి. నానక్‌రామ్‌గూడ వైపు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన సౌర ఫలకాల కప్పు కింది సైకిల్ దారి మొదటి నెలలకు మంచిదే. అయితే అక్కడ కూర్చుని తొక్కడమే అలవాటవుతుంది. మట్టిదారిలో కావలసింది లేవడం. దిగేటప్పుడు చూపు ముందు చక్రం మీద ఉండకూడదు, పదిహేను అడుగుల అవతల ఉండాలి. బ్రేకు మలుపులో కాకుండా మలుపుకు ముందే వేయాలి. బరువైనవాడికి ఆగడానికి పట్టే దూరం ఎప్పుడూ తాను అనుకున్న దానికంటే ఎక్కువే.

టైర్లలో గాలిని బొటనవేలితో నొక్కి చూసి సరిపుచ్చుకునే అలవాటు నాకు రెండు ట్యూబులు ఖర్చు పెట్టించింది. గాలి చాలనప్పుడు రాయి తగిలితే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, పాము కాటు లాగా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఇప్పుడు ముల్లున్న పంపు ఒకటి ఇంట్లో ఉంచుకున్నాను. వెనక 40, ముందు 36 పీఎస్‌ఐ నా బరువుకు కుదిరాయి. టైరు పక్కన రాసిన గరిష్ఠం ఎంతైనా అంతవరకు కొట్టనక్కర్లేదు. ఇక సీటు విషయంలో అందరూ చేసే తప్పే నేనూ చేశాను, మెత్తగా, వెడల్పుగా ఉన్న జెల్ సీటు కొన్నాను. గంట గడిచేసరికి ఒళ్లంతా అందులో దిగబడి, తొడలు ఒరుసుకుని, ఆ సాయంత్రం కొబ్బరి నూనె సీసా పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. కూర్చునే ఎముకలను మోసేంత గట్టిగా, వాటి ఎడానికి తగిన వెడల్పుతో ఉన్న సీటే నిలబడింది.

మా చెల్లెలి భర్త నా ఈ వ్యవహారాన్ని మొదటి నుంచీ ఒప్పుకోలేదు. "ముందు నడిచి ఇరవై కిలోలు తగ్గు బావా, తరువాత మంచి సైకిల్ కొనుక్కుందువు గాని. ఇప్పుడు ఆ సైకిల్ ఏం పాపం చేసుకుందని?" అన్నాడు. ఈ మాటలో వెటకారం ఉన్నా, చాలామంది మనస్ఫూర్తిగా నమ్మే సలహా కూడా ఇదే. నా అభ్యంతరాలు రెండు. నడకలో ప్రతి అడుగుకూ ఒళ్లంతా మోకాలి మీద పడుతుంది. సైకిల్ మీద సీటు అందులో చాలా భాగం మోస్తుంది. అందువల్ల అరగంట నడిస్తే వాచే నా మోకాలు రెండు గంటలు తొక్కినా మాట్లాడదు. రెండోది ఇంకా ముఖ్యం. తగ్గిన తరువాత మంచిది కొందామనుకున్నవాడు ఈలోగా చెడ్డది కొంటాడు. చెడ్డది నెలకొకసారి విరుగుతుంది. విరిగిన ప్రతిసారీ తన ఒంటినే తిట్టుకుని, నాలుగోసారికి దాన్ని బాల్కనీలో బట్టలు ఆరేసుకోవడానికి వదిలేస్తాడు. నా మొదటి సైకిల్ గతి సరిగ్గా అదే అయ్యేది, చాచా ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే. సైకిల్‌ను బరువు తగ్గించే యంత్రంగా అమ్మేవాళ్ల మీద నాకున్న కోపం కూడా ఇదే. అలా కొన్నవాడు ప్రతి సవారీ తరువాతా కాటా ఎక్కుతాడు, కాటా అతని మాట వినదు. మూడేళ్లలో నేను ఆరు కిలోలు తగ్గాను, అందులో సైకిల్ వాటా ఎంతో, మా ఆవిడ రాత్రి అన్నం మాన్పించి పెట్టిన జొన్నరొట్టెల వాటా ఎంతో నాకు తెలియదు. నేను అనంతగిరి వెళ్లేది అక్కడి దారి కోసం.

మొన్న దసరా సెలవుల్లో బావ వచ్చాడు. పొద్దున్నే నా సైకిల్ తీసుకుని కాలనీ చుట్టూ తిరిగి వస్తానని బయలుదేరాడు. ఆయన 68 కిలోలు. పది నిమిషాల్లో తిరిగొచ్చి గేటు దగ్గర దిగి నడుము పట్టుకున్నాడు.

"ఇదేం సైకిల్ బావా, బండ మీద కూర్చుని రాళ్లలో దొర్లినట్టుంది. నువ్వెట్లా తొక్కుతున్నవు దీన్ని?"

ఫోర్కు గట్టిది, టైర్లలో గాలి నా బరువుకు కొట్టింది. ఆయన బరువుకు అది ఎక్కువే. నేను వంగి వెనక వాల్వు మూత తీసి, పిన్ను నొక్కి, ముల్లు 28కి దిగేదాకా గాలి వదిలాను, ముందు 25కి. బావ మళ్లీ ఎక్కి వీధి చివరిదాకా పోయి, అక్కడి నుంచే బాగుందన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయన ఊరెళ్లిన సాయంత్రం పంపు తెచ్చి మళ్లీ 40, 36 కొట్టుకున్నాను.